అద్దానికి ముసుగు

లాకప్ గది తలుపు తెరవగానే ఇన్‌స్పెక్టర్ గ్రసియేలా నూడెల్మన్ కంటికి ముందుగా కనబడింది నేల మీద పడి ఉన్న పన్ను. దాని పక్కన నెత్తురు. నెత్తురు పక్కన మోకాళ్ళ మీద సుల్మా. ఒక కానిస్టేబుల్ ఆమె జుట్టు గుప్పిట్లో పట్టుకుని ముఖాన్ని నీళ్ళ బక్కెట్లో ముంచి, తీరిగ్గా అంకెలు లెక్కపెడుతున్నాడు.

గ్రసియేలా నోరు చేసుకోలేదు. వెనక నుంచి వచ్చి వాడి మోకాలి మడత మీద బూటుతో ఒక్క తన్ను తన్నింది. వాడు ముందుకు తూలి బక్కెట్టు అంచు మీద బోర్లా పడ్డాడు. ఈసారి రాలిన పన్ను వాడిది.

“కమిసార్ గారే చెప్పారు మేడమ్,” అన్నాడు నోరు పట్టుకుని.

“ఆయనతో నేను మాట్లాడుకుంటాలే. నువ్వెళ్ళి మంచినీళ్ళు పట్రా. ముంచే నీళ్ళు కాదు, తాగే నీళ్ళు.”

బుయెనోస్ అయిరెస్ నగరంలోని బెల్‌గ్రానో పేటలో తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో పనిచేస్తున్న పరాగ్వే మనిషి సుల్మా ఓకాంపోస్. ఆ ఇంటి యజమానురాలు లోటె హిర్ష్‌ఫెల్డ్, ఎనభై ఆరేళ్ళ ముసలావిడ, మొన్న రాత్రి తన హాల్లోనే తల పగిలి చచ్చిపోయింది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునే పాత ఇనప ఇస్త్రీపెట్టెతో కొట్టారు. దాని మీద దొరికిన వేలిముద్రలన్నీ సుల్మావే. ఇంతకంటే ఏం కావాలని ఈ స్టేషన్ పెద్ద, కమిసార్ ఒస్వాల్దో బరాహోనా పూట తిరక్కుండా కేసు ముగించేశాడు. జడ్జికి మాత్రం ఎక్కడో తేడా కొట్టి, హత్యల విభాగం నుంచి గ్రసియేలాని పంపించాడు. గడువు ఈ సాయంత్రం వరకే. అయిదింటికి సాక్షినీ ముద్దాయినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ముఖాముఖి జరుపుతారు, ఆ తర్వాత జైలు వ్యాను వస్తుంది. అది ఎక్కిందంటే సుల్మా బతుకు ముగిసినట్టే. ముసలమ్మని చంపిందని పేరుపడ్డ పరదేశి పనిమనిషి గోడు వినే నాథుడు ఈ దేశంలో లేడని గ్రసియేలాకి బాగా తెలుసు.

సుల్మా నీళ్ళు పుక్కిలించి ఎర్రగా ఉమ్మింది.

“ఇస్త్రీపెట్టె మీద నీ వేళ్ళే ఉన్నాయి,” అంది గ్రసియేలా.

“ఉండవా మేడమ్? తొమ్మిదేళ్ళుగా రోజూ దాన్ని జరిపేదీ పెట్టేదీ నేనేగా. కుక్కర్ మీదా నా వేళ్ళే, చీపురు మీదా నా వేళ్ళే. వాటితో ఎవర్ని చంపానంటారు?”

“ఆ రాత్రి నువ్వు ఇంట్లో ఎందుకు లేవు?”

“అమ్మగారే పొమ్మంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పొమ్మనలేదు. రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టి నువ్వు మీ చెల్లెలింటికి పో, రేపు కూడా రాకు అంది. వంట చేసి పెడతానంటే వద్దంది. గుడ్లలోకి ఉప్పు కూడా అడగలేదు.”

“గుడ్లు తప్ప ఇంకేమీ వద్దందా?”

“వద్దంది మేడమ్.”

“ఎవరైనా పోయారని చెప్పిందా?”

“పోవడానికి ఎవరున్నారు ఆవిడకి? మొగుడు లేడు, పిల్లల్లేరు. ఆ అన్నగారి మనవడొక్కడే. అతగాడు నిక్షేపంగా ఉన్నాడు.”

సుల్మా మీద సాక్షిగా నిలబడ్డది అతనే కాబట్టి అన్నగారి మనవడి కథ స్టేషన్లో అందరికీ తెలిసిందే. జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ప్రాణాలు చేతబట్టుకుని ఓడెక్కి వచ్చిన పిల్లలు బెర్నార్డూ లోటే. నాజీలు ఆ కుటుంబం ఆస్తి లాక్కున్నారు, అమ్మానాన్నల్ని చంపారు, చివరికి మీరు మా దేశపు మనుషులే కాదని ఒక్క కలంపోటుతో పౌరసత్వం ఊడబెరికారు. యుద్ధం అయ్యాక జర్మనీ నష్టపరిహారం ఇస్తానంటే బెర్నార్డ్ తీసుకున్నాడు. అమ్మ నెత్తురుకి ధర కట్టించుకున్నావా అని లోటె అన్న మొహాన తలుపేసింది. అతను ఉత్తరాదికి, టుకుమాన్‌కి పోయాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇన్నేళ్ళకి ఈ శీతాకాలం టోమస్ బెర్నార్డో హిర్ష్‌ఫెల్డ్ అనే ఇరవై ఏడేళ్ళ కుర్రాడు ఆమె తలుపు తట్టాడు. పౌరసత్వం పోగొట్టుకున్నవాళ్ళ మనవలకి జర్మనీ దాన్ని తిరిగి ఇస్తోంది. అతనికి అది కావాలి. తాత పాత పాస్‌పోర్టు, యూదుడని ఎర్ర ముద్ర కొట్టింది, లోటె దగ్గరే ఉండిపోయింది. దానితోపాటు, వీడు మా అన్న మనవడేనని ఆవిడ ప్రమాణం చేసి చెప్పాలి. జర్మనీ పేరెత్తితేనే ఉమ్మేసే మనిషి, వంశంలో మిగిలిన ఒక్క మొలక అడిగాడని కరిగి ఒప్పుకుంది.

“అతని మీద నీకేమైనా అనుమానమా?”

“లేదు మేడమ్. మంచివాడే. వచ్చినప్పుడల్లా తిన్న గిన్నెలు తనే కడిగేవాడు. కాకపోతే,” సుల్మా వాచిన పెదవి తడుముకుంది, “ఆదివారం భోజనాల దగ్గర ఏదో అయింది. ఏమయిందో నాకిప్పటికీ బోధపడలేదు.”

“ఏమన్నాడు?”

“మా తాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా పేరు నీకిచ్చాను, దాన్ని పాడుచెయ్యకురా అనేవాడు అన్నాడు. అమ్మగారు ఫోర్కు కింద పెట్టేసింది. మళ్ళీ చెప్పు నాన్నా అంది. అతను ఇంకాస్త బాగా చెప్పాడు, తాత గడ్డం గుచ్చుకునేదని కూడా చెప్పాడు. నువ్వు పుట్టేసరికి మా అన్న బతికే ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడు, నేను బడికి పోయేదాకా ఉన్నాడన్నాడు. అంతే. ఆవిడ మళ్ళీ ముద్ద ముట్టలేదు. తెల్లారి తలుపేసుకుని ఎవరికో ఫోన్ చేసింది. అందులో తప్పేముంది మేడమ్? మా ఊళ్ళో అందరికీ తాతల పేర్లే.”

గ్రసియేలా చేతిలో పెన్ను కదలడం మానేసింది.

గ్రసియేలా కూడా యూదురాలే. ఆమె పుట్టింట్లోనే కాదు, పోలండ్ నుంచో జర్మనీ నుంచో వచ్చిన ఏ యూదుల ఇంట్లోనైనా పిల్లలకి చచ్చిపోయినవాళ్ళ పేర్లే పెడతారు. బతికున్న తాత పేరు పసివాడికి పెట్టడమంటే ఆ తాతని ఉన్నపళాన పాడె ఎక్కించడమే. మృత్యుదూత పేరు పట్టుకుని వచ్చి, ఇద్దరిలో ఎవరిని తీసుకుపోవాలో తెలియక తడబడతాడని భయం. గ్రసియేలా కడుపుతో ఉన్నప్పుడు, పిల్లాడికి నాన్న పేరు పెడదామా అని ఊరికే అన్నందుకు తల్లి ఆమె చెంప ఛెళ్ళుమనిపించింది. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఈ ఒక్క కట్టుబాటు జోలికి పోరు. సిరియా నుంచి వచ్చిన యూదుల దారి వేరు. వాళ్ళలో తాత కళ్ళెదుటే మనవడికి ఆయన పేరు పెట్టాలి, పెట్టకపోతేనే అవమానం. కానీ లోటె వాళ్ళది మాన్‌హైమ్.

“మేడమ్, నేను ఇంక ఇంటికి పోతానా?” అంది సుల్మా.

“పోతావు,” అంది గ్రసియేలా. అన్నాక భయమేసింది. నిలబెట్టుకోగలదో లేదో తెలియని మాట ఇచ్చే అలవాటు ఆమెకి లేదు.

*

వరండాలో టోమస్ కానిస్టేబుళ్ళకి తీపి రొట్టెలు పంచుతున్నాడు. చావు ఇంటి నుంచి వచ్చినవాడిలా గడ్డం పెంచాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గ్రసియేలాని చూసి రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఆ మనిషిని హింసించకండి మేడమ్. ఎంతయినా మా నానమ్మని చూసుకున్న చేతులు.”

“మీది పెద్ద మనసు. బెర్నార్డో అంటే మీ తాతగారి పేరే కదూ?”

“ఆయనే పెట్టాడు. మనవాళ్ళలో అంతేగా మేడమ్, తాత పేరు మొదటి మనవడికి. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆ గడ్డమే గుర్తొస్తుంది.”

“అవునవును,” అంది గ్రసియేలా. “మనవాళ్ళలో అంతే.”

అబద్ధం చెప్పినవాడల్లా హంతకుడు కాడు. ఆ సంగతి తెలిసి కూడా ఆమె తిన్నగా బరాహోనా గదిలోకి పోయి తలుపు వేసింది.

బరాహోనా కుర్చీలో వెనక్కి వాలి మాతే కషాయం గొట్టంతో పీలుస్తున్నాడు. మీసాలకి రంగు, చొక్కాకి గంజి, నడుముకి తోలు ఒరలో పిస్తోలు. గొట్టాన్ని నోట్లోంచి తియ్యకుండానే, “నా కానిస్టేబుల్ పన్ను రాలగొట్టావట,” అన్నాడు.

“ఇంకా ముప్ఫై ఉన్నాయి వాడికి. ఒస్వాల్దో, ఆ కుర్రాడు అబద్ధమాడుతున్నాడు. తాత ఒళ్ళో కూర్చుని ఉండడు.”

ఆమె చెప్పిందంతా విని అతను పగలబడి నవ్వాడు. “తాత గురించి కోతలు కొయ్యని మనవడు ఎవడే లోకంలో? మా తాత పులిని చంపాడని నేనూ చెప్పేవాణ్ణి. నన్నూ లోపలేస్తావా?”

“శవం చొక్కా మెడ దగ్గర చిరిగి ఉందని నీ రిపోర్టులోనే ఉంది.”

“పెనుగులాట.”

“హాల్లో అద్దం మీద గుడ్డ కప్పి ఉందనీ ఉంది.”

“చంపాక తన ముఖం తను చూసుకోలేక పరాగ్వేది కప్పింది. వాళ్ళకి అలాంటి పిచ్చి నమ్మకాలు బోలెడు.” లేచి వచ్చాడు. “చూడు నూడెల్మన్. చచ్చింది మీ మనిషి. నీకు బాధ ఉంటుంది, కాదనను. కానీ మీ ఇళ్ళల్లో పేర్లు ఎలా పెట్టుకుంటారో తెచ్చి నా కేసులో దూర్చకు.”

“ఇంటి తాళం ఇవ్వు.”

“ఇవ్వను.”

ఆమె అతని బల్ల సొరుగు లాగింది. బరాహోనా ఆమె మెడపట్టీ పట్టుకుని ఇనప బీరువాకేసి కొట్టాడు. తల వెనక డొల్ల మోత మోగింది. రెండోసారి కొట్టబోయేంతలో ఆమె బల్ల మీది ఫ్లాస్కు అందుకుని, మూత లేకుండా ఉన్నది ఉన్నట్టు అతని తొడల మీద ఒంపింది. వేడినీళ్ళు. కమిసార్ గారు ఎద్దులా రంకె వేసి వెనక్కి గెంతారు.

తాళాలగుత్తి ఆమె ముఖానికేసి విసిరికొట్టాడు. కనుబొమ్మ చిట్లింది.

“అయిదింటికి ముఖాముఖి,” అన్నాడు పళ్ళు నూరుతూ. “నువ్వున్నా సరే, లేకపోయినా సరే.”

గ్రసియేలా తాళాలు ఏరుకుని, కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ బయటికి నడిచింది. కోపంలో టోమస్ మీద ఒక మనిషిని కాపలా పెట్టాలన్న ఆలోచన రానేలేదు.

*

హిర్ష్‌ఫెల్డ్ వాళ్ళ హాల్లో ఇంకా నెత్తుటి వాసన పోలేదు. శవాన్ని తీసుకుపోయిన చోట సుద్దగీత, గీత లోపల నల్లగా ఎండిన మడుగు. ఏడు దెబ్బలు కొట్టారని డాక్టరు రాశాడు. మొదటి దెబ్బకే ప్రాణం పోయి ఉంటుందనీ రాశాడు. మిగిలిన ఆరు దెబ్బలు ఎందుకు? దొంగతనానికి వచ్చినవాళ్ళు చచ్చినదాన్ని కొడుతూ కూర్చోరు. ఇది ఒళ్ళు తెలియని కసి.

సుద్దగీత పక్కన కాళ్ళు పెట్టుకునే చిన్న పీట పక్కకి ఒరిగి ఉంది. గదిలో మెత్తటి సోఫా ఉంది, వాలుకుర్చీ ఉంది. ఎనభై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో లేవలేని మనిషి, అవన్నీ వదిలి జానెడు ఎత్తు పీట మీద ఎందుకు కూర్చున్నట్టు? గ్రసియేలా జేబులోంచి శవం ఫొటో తీసి చూసింది. చొక్కా చిరుగు కుడిపక్కన ఉంది. చిరుగు మొదట్లో వేలెడు మేర అంచు నీటుగా ఉంది, కత్తెరతో కోసినట్టు. ఆ తర్వాతే చేత్తో చింపింది. పెనుగులాటలో కత్తెర పెట్టి మర్యాదగా మొదలుపెట్టేవాడు ఎవడూ ఉండడు. కత్తెర కుట్టుపెట్టెలో మూత మీదే ఉంది.

బల్ల మీద గాజుగ్లాసులో అడుగుదాకా కాలిపోయిన కొవ్వొత్తి. కరెంటు పోయిందేమో అని బరాహోనా మనుషులు అనుకుని ఉంటారు. పళ్ళెంలో ఒలిచిన గుడ్డు ఒకటి, సగం కొరికింది ఒకటి.

చివరికి అద్దం దగ్గరికి వచ్చింది. నిలువుటద్దం మీద తెల్లటి బల్లగుడ్డ వేలాడుతోంది. గోడ మీద అటూ ఇటూ నెత్తుటి చిందులు, గుడ్డ మీదా చిందులు. ఫొటోలు తీసినవాళ్ళు గుడ్డతో సహా తీసి ఊరుకున్నారు. గ్రసియేలా కొస పట్టుకుని గుడ్డని మెల్లగా పైకెత్తింది.

అద్దం తళతళలాడుతోంది. ఒక్క చుక్క లేదు.

చంపాక కప్పిన గుడ్డ కాదు ఇది. దెబ్బ పడే వేళకే అద్దానికి ముసుగుంది. లోటె తన చేతులతో అద్దం కప్పింది, కొవ్వొత్తి వెలిగించింది, చొక్కా కోసి చింపుకుంది, ఉప్పు లేని గుడ్డు తింది, నేలకి దగ్గరగా కూర్చుంది. తల్లి పోయినప్పుడు, యూదుల ఆచారం ప్రకారం, గ్రసియేలా ఏడు రోజులు అలాగే కూర్చుంది. చిరుగు ఎడమవైపు అయితే అమ్మానాన్నల కోసం, కుడివైపు అయితే మిగిలినవాళ్ళ కోసం.

లోటె మైలలో కూర్చుంది. హంతకుడు వచ్చేసరికి ఆ ముసలమ్మ ఎవరికోసమో ఏడుస్తోంది. చావడానికి ఆవిడకి ఉన్నది ఒక్కడే, ఆ ఒక్కడూ స్టేషన్లో తీపి రొట్టెలు పంచుతున్నాడు.

గ్రసియేలా ఇల్లంతా మళ్ళీ వెతికింది. అప్పుడు కనబడింది పొయ్యి దగ్గర తొట్టెలో బూడిద. అట్టముక్క ఒకటి సగం కాలి మిగిలింది. దాని మీద డేగ బొమ్మ, డేగ కింద మసిబారిన ఎర్ర ముద్ర తోక. పాస్‌పోర్టుని ముసలమ్మ తగలబెట్టేసింది. వాడు దేనికోసం వచ్చాడో దాన్ని వాడికి దక్కకుండా చేసింది. ఆరు దెబ్బల కసి ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. చలికి చేతులకి తొడుగులు ఉండి ఉంటాయి, అందుకే ఇస్త్రీపెట్టె మీద వాడి వేలిముద్రలు పడలేదు. ఇంత జరిగినా ఆవిడ పోలీసుల్ని ఎందుకు పిలవలేదని మాత్రం గ్రసియేలా అనుకోలేదు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు వచ్చి తల్లిదండ్రుల్ని పట్టుకుపోవడం చూసిన పిల్ల, ఎనభై ఏళ్ళొచ్చినా యూనిఫాంని ఇంట్లోకి పిలవదు.

ఫోన్ పాత రకం, మీటలది. చివరిగా చేసిన నంబరుకి మళ్ళీ కలిపే మీట నొక్కింది. చాలాసేపు మోగింది.

“మళ్ళీ మీరేనా అమ్మా?” అన్నాడు అవతల ఒక పెద్దాయన. “కాస్త తేరుకున్నారా?”

“నంబరు అదే గానీ ఆవిడ లేదండీ. నేను పోలీసు ఇన్‌స్పెక్టర్ని. మీరెవరు?”

“నా పేరు నహూమ్. టుకుమాన్‌లో మా యూదుల శవాలకి స్నానం చేయించి మట్టి ఇచ్చేవాళ్ళం మేము. ఆవిడ లేదంటే?”

“కొట్టి చంపారు. ఆవిడ మిమ్మల్ని ఏం అడిగిందో చెప్పండి.”

పెద్దాయన ఊపిరి బరువుగా వినిపించింది. “అన్న బెర్నార్డ్ ఎప్పుడు పోయాడని అడిగింది. ఎనభై నాలుగులో అన్నాను. మనవడు ఎప్పుడు పుట్టాడని అడిగింది. ఎనభై ఆరులో. తాత పోయాడు కాబట్టే వాడికి ఆ పేరు పెట్టారమ్మా అన్నాను. ఇప్పుడు వాడెక్కడున్నాడు అంది. ఆవిడకి తెలియదన్న సంగతి నాకేం తెలుసు? తాత పక్కనే ఉన్నాడు, కిందటి చలికాలం మేమే పాతిపెట్టాం అన్నాను.”

“ఎలా పోయాడు?”

“కారు లోయలో పడి కాలిపోయింది. స్నానం చేయించడానికి ఏమీ మిగల్లేదు. పుర్రె వెనక మాత్రం చితికిపోయింది. ఎవరో కొట్టినట్టుందని నేనే పోలీసులకి చెప్పాను. రాయి తగిలి ఉంటుందిలే తాతా అన్నారు.”

“వాడితో ఎవరైనా ఉండేవారా?”

“ఒకే గదిలో ఉండే స్నేహితుడొకడు. మావాడు కాదు గానీ మావాళ్ళ మధ్యే పెరిగానన్నాడు. బుయెనోస్ అయిరెస్‌లో, ఫ్లోరెస్ పేటలో, సిరియాలోని అలెప్పో నుంచి వచ్చినవాళ్ళ బట్టల కొట్టుంటే, ఆ ఇంట్లోనే పెంచారట. ప్రార్థనలు కూడా వచ్చు వాడికి. గుంట దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. బుయెనోస్ అయిరెస్‌లో టోమస్‌కి నా అన్నవాళ్ళు ఎవరున్నారని అడిగి మరీ వెళ్ళాడు. తర్వాత గది చూస్తే కుర్రాడి కాగితం ఒక్కటీ లేదు.”

గ్రసియేలా ఫోన్ పెట్టేసింది. ఈ దేశంలో టోమస్ చచ్చిపోయాడు, ఆ పేరు ఇక్కడ చెల్లదు. కానీ టోమస్ చచ్చాడని జర్మనీకి ఎవరు చెప్పారు? ముసలమ్మ ఒక్క ప్రమాణం చేస్తే చాలు, చచ్చినవాడికి కొత్త దేశం వస్తుంది, చంపినవాడు ఆ దేశంలో దర్జాగా దిగుతాడు. అంతా కుదిరాక, ముసలమ్మ మనసు ఇంకాస్త కరిగిద్దామని వాడు ఒక ముద్దుమాట అల్లాడు. అలెప్పో వాళ్ళ ఇంట్లో చూసిన తాతా మనవల ముచ్చటని తెచ్చి మాన్‌హైమ్ వాళ్ళకి అతికించాడు.

గడియారం చూసింది. అయిదు దాటింది.

*

సెల్‌ఫోన్‌లో బరాహోనా వెంటనే ఎత్తాడు. “చెప్పవే. నా తొడలు బొబ్బలెక్కాయి.”

నీ పక్కన ఎవరున్నారని ఆమె ముందు అడగాల్సింది. పదేళ్ళుగా ఇదే మనిషి ముందు మాట పడుతూ వచ్చిన కసి ఆమెని అడగనివ్వలేదు.

“ఆ గంజి చొక్కా సర్దుకుని విను. ముసలమ్మ చచ్చేసరికే అద్దానికి ముసుగుంది. ఆవిడ మైలలో కూర్చుంది. అసలు టోమస్ హిర్ష్‌ఫెల్డ్‌ని కిందటేడు టుకుమాన్‌లో పాతిపెట్టారు, వాడి పుర్రె కూడా వెనకనుంచే పగిలింది. పాతిపెట్టినవాళ్ళతో ఇప్పుడే మాట్లాడాను. నువ్వు నెత్తినెక్కించుకున్నవాడు వాడి పేరు దొంగిలించిన హంతకుడు.”

బరాహోనా నవ్వాడు, గదిలో మార్మోగుతున్న నవ్వు. “విన్నావా అబ్బాయ్? నువ్వు కిందటేడే చచ్చిపోయావట.”

గ్రసియేలాకి అప్పుడు అర్థమైంది. ఫోన్ స్పీకర్లో ఉంది. ముఖాముఖి మొదలైపోయింది. చిన్న గది, గడియ వేసిన తలుపు, ఒక పక్క సుల్మా, ఎదురుగా వాడు, మధ్యలో ఒర బొత్తాం పెట్టుకునే అలవాటు లేని బరాహోనా.

“ఒస్వాల్దో, తుపాకీ పట్టుకో,” అని అరిచింది.

కుర్చీ విరిగిన చప్పుడు. బూతుమాట. రెండు శరీరాలు బల్ల మీద పడి దొర్లిన మోత. సుల్మా తన భాషలో ఏదో కేక పెట్టింది. తుపాకీ పేలింది. ఎవరో గొంతులో నీళ్ళు నిండినట్టు మూలిగారు. తర్వాత మాట్లాడింది టోమస్ గొంతే గానీ, అందులో ఆ తేనె లేదు.

“ఇలా రావే. లేచి నా ముందు నడు. తలుపు తియ్యి.”

“బేడీ గొట్టానికి వేసి ఉంది,” అంది సుల్మా. “ఎలా రాను?”

“తాళం ఎక్కడ?”

“ఆయన జేబులో.”

అడుగుల చప్పుడు. బరాహోనా మళ్ళీ మూలిగాడు, ఆ మూలుగు మధ్యలోనే ఏదో జరిగింది. టోమస్ కెవ్వుమన్నాడు, కొరికితేనో వేళ్ళు విరిస్తేనో పుట్టే కేక. ఇనుము నేల మీద గరగరమని జారింది. ఆపైన వెంటవెంటనే రెండు పేలుళ్ళు. బరువైనది ఏదో గోడకి కొట్టుకుని కూలింది.

గ్రసియేలా ఫోన్ చెవికి అదుముకుని నిలబడిపోయింది. ఎవరి పేరు పిలవాలో తెలియలేదు.

“మేడమ్,” అంది సుల్మా.

“ఉన్నాను. చెప్పు సుల్మా.”

“కమిసార్ కడుపులో తగిలింది. నెత్తురు పోతోంది. వాడు తాళం కోసం వంగితే కమిసార్ వాడి చెయ్యి కొరికేశాడు. తుపాకీ జారి నా కాళ్ళ దగ్గరికొచ్చింది.” ఆమె గొంతులో ఏడుపు లేదు. “వాడు చచ్చిపోయాడు మేడమ్. రెండు రోజులుగా చంపానని ఒప్పుకో ఒప్పుకో అని కొట్టారు కదా. ఇప్పుడు నిజంగానే చంపాను. ఇంక ఒప్పుకుంటాను.”

వరండాలో బూట్ల పరుగు వినిపించింది. తలుపు మీద భుజాలు పడుతున్నాయి. ఆ తలుపు విరిగితే లోపల వాళ్ళకి కనబడేది ఏమిటో గ్రసియేలాకి కళ్ళకి కట్టింది. నెత్తుటిలో కమిసార్, చచ్చిపడిన సాక్షి, తుపాకీ పట్టుకున్న ముద్దాయి. అడిగేవాడు ఉండడు, కాల్చేస్తారు.

“తుపాకీ కింద పెట్టు సుల్మా. కాలితో దూరంగా తోసెయ్. బేడీ లేని చెయ్యి పైకెత్తు.”

“వదిలేస్తే మళ్ళీ కొడతారు మేడమ్.”

“తొయ్యి తల్లీ. నా మాట విను.”

ఇనుము మళ్ళీ నేల మీద గరగరమంది. “కమిసార్ చేతి దగ్గర ఆగింది మేడమ్,” అంది సుల్మా. చెక్క పెళుసుగా విరిగింది. నలుగురైదుగురు ఒకేసారి అరుస్తున్నారు, కదిలావో కాల్చేస్తామని.

“దించండ్రా వెధవల్లారా.”

నేల మీద నుంచి వచ్చిన గొంతు అది. మధ్యలో తెగి, మళ్ళీ అతుక్కుంది.

“సార్, ఈ పరాగ్వేది...”

“దాని ఒంటి మీద చెయ్యి పడిందంటే మీ చేతులు నరికేస్తా. అది ఎవర్నీ చంపలేదు. మొన్నా చంపలేదు, ఇవాళా చంపలేదు.” బరాహోనా దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. “నా తుపాకీ, నా చేతిలోనే ఉంది, చూడండి. వాణ్ణి కాల్చింది నేను. అలాగే రాసుకోండి. అంబులెన్సు పిలవండి, ముందు ఆ మనిషికి బేడీలు తియ్యండి.”

ఎవరో పరిగెత్తారు. తాళం తిరిగిన చిన్న చప్పుడు. సుల్మా అప్పుడు ఏడ్చింది, రెండు రోజుల ఏడుపూ ఒక్కసారే.

“నూడెల్మన్,” అన్నాడు బరాహోనా. ఫోన్ అతని నోటి దగ్గరికి తెచ్చినట్టున్నారు. “లైన్లో ఉన్నావా?”

“ఉన్నాను.”

“మొత్తం విన్నావుగా. వాణ్ణి ఎవరు కాల్చారు?”

తన ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో గ్రసియేలా నూడెల్మన్ ఒక్క దొంగ వాంగ్మూలం మీద కూడా సంతకం చెయ్యలేదు.

“నువ్వే ఒస్వాల్దో,” అంది. “నా చెవులతో విన్నాను.”